పంది వెన్నెముకను ఎట్లా కొలుస్తారు?

పంది వెన్నెముకను కొలవడమేంటి, పనిలేదా అనుకుంటున్నారా? పని ఉంది.

మనిషి వెన్నుపూస విరిగితే ఒక్కోసారి డాక్టర్లు లోహపు మరలు బిగిస్తారు. మర దారి తప్పితే వెన్నుపాముకు తగులుతుంది. కాళ్లు పడిపోవచ్చు. అందుకే కొత్తరకం మరలను ముందు జంతువుల ఎముకల్లో బిగించి చూస్తారు. పంది వెన్నుపూస మన పూసను కొంతవరకు పోలి ఉంటుంది. అచ్చం ఒకటే కాదు. మన ఛాతీ వెనక 12 పూసలు. పందికి సాధారణంగా 14, 15 ఉంటాయి. కాబట్టి కొలత ముఖ్యం.

బతికున్న పంది ఎముకను టేపుతో కొలవలేం గదా! బొమ్మ తీసి కొలవాలి.

మొదటిది ఎక్స్‌రే. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టారు. ఎక్స్‌రే బొమ్మ ఒక నీడ. రాత్రి దీపం ముందు చెయ్యి పెట్టండి. గోడ మీద నీడ పడుతుంది. చేతిని దీపం దగ్గరకు జరపండి. నీడ పెద్దదవుతుంది. మరి చెయ్యి పెరిగిందా? లేదు. ఎక్స్‌రేతో చిక్కు ఇదే. పంది లావుగా ఉంటే ఎముక ఫిలింకు దూరమవుతుంది. నీడ పెద్దగా పడుతుంది. అందుకని ఎముక ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో ఒక లోహపు గుండు పెడతారు. 25 మిల్లీమీటర్ల గుండు బొమ్మలో 30 కనిపించిందనుకోండి. అప్పుడు 36 కనిపించే ఎముక నిజానికి 30 అన్నమాట. పంది పక్కకు ఒరిగితే మాత్రం ఈ లెక్కా తప్పుతుంది.

రెండోది సీటీ స్కాన్. 1971లో ఇంగ్లండులో మొదటిసారి ఒక రోగి తలను ఇలా తీశారు. ఇదీ ఎక్స్‌రే కిరణమే. కానీ చుట్టూ తిరిగి తీస్తుంది. వంకాయను చక్రాలుగా తరిగినట్టు కంప్యూటరు ముక్క ముక్కగా చూపిస్తుంది. ఒకదాని నీడ ఇంకోదాన్ని కప్పదు. ఎముక కొలతకు ఇదే మేలు. చక్రాలు మందంగా ఉంటే అంచు సరిగా తెలియదు, పల్చగా తీయాలి. ఎక్స్‌రేకైనా సీటీకైనా కిరణాలు తగులుతాయి. మీకు నెల తప్పి ఉంటే ముందే డాక్టరుకు చెప్పండి.

ఎంఆర్‌ఐలో ఆ కిరణాలు లేవు. పెద్ద అయస్కాంతం ఉంటుంది. మనమైతే గాజులు, మెట్టెలు తీసి వెళ్లాలి. పూసల మధ్య మెత్తటి బిళ్లలు, వెన్నుపాము ఇందులో బాగా కనిపిస్తాయి. కానీ చాలాసేపు కదలకూడదు. పంది మాట వింటుందా? మత్తు ఇవ్వాల్సిందే.

గర్భిణులకు చేసే స్కానింగు ధ్వనితో పనిచేస్తుంది. ధ్వని ఎముకను సరిగా దాటలేదు. పంది వీపు కొవ్వు కొలవడానికి అది చాలు, పూసకు చాలదు.

ఇంతకీ ఏ బొమ్మ నిజం చెప్పిందో తెలిసేదెలా? పంది చనిపోయాక పూసను శుభ్రం చేసి, చేత్తో పట్టి, కాలిపర్ అనే పనిముట్టుతో కొలుస్తారు. బొమ్మల కొలతలను ఆ కొలత పక్కన పెట్టి చూస్తారు.