వడ్రంగం పత్రికలు కొనాలా, వీడియోలు చాలవా?

వడ్రంగం ఊసు ఆడవాళ్ళకెందుకని నవ్వుకుంటున్నారు కదూ! పీట మొదలు పెళ్ళిమంచం దాకా వాడుకునేది మనమే, వాటికోసం డబ్బు కూడబెట్టేదీ మనమే. చేతిపని నేర్చుకుంటానని ఇంట్లో పిల్లవాడు బయల్దేరితే, పుస్తకానికి డబ్బివ్వాలా వద్దా అని తేల్చవలసిందీ మనమే. అందుకే ఇవాళ ఈ సంగతి ఎత్తుకున్నాను.

మా చెల్లెలి కొడుకు ఇంటర్ తప్పి, ఇక్కడే పాల్వంచలో చిన్న రేకుల షెడ్డు వేసుకుని చెక్కపని మొదలుపెట్టాడు. వాడికి గురువు సెల్‌ఫోనే. యూట్యూబ్ 2005లో పుట్టినా, 2016 తరువాత డేటా చౌకయ్యాకనే కదా మన ఇళ్ళల్లోకి ఇంతగా వచ్చింది! "ఊరికే వస్తుంటే పుస్తకమెందుకు పెద్దమ్మా?" అనేవాడు. నాకూ నిజమే అనిపించింది.

మొదటి బేరం ఒక భోజనాల బల్ల. వానాకాలంలో అయిదు టేకు పలకలు జిగురుతో కలిపి, కింద చట్రానికి మరలతో గట్టిగా బిగించాడు. చూడముచ్చటగా ఉంది. మే నెల వచ్చింది. మా ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. బల్ల నడుమ రూపాయి బిళ్ళ దూరేంత పగులు! డబ్బు వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. పిల్లవాడు రెండురోజులు అన్నం సరిగా తినలేదు.

ఒక ముసలి మేస్త్రి వచ్చి చూసి, "కర్రకు ఊపిరాడనివ్వలేదు నాయనా" అన్నాడు. సంగతేమిటంటే, చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. అప్పుడు పొడవులో దాదాపు మార్పుండదు గాని, వెడల్పులో ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆ మార్పు కూడా అన్ని వైపులా ఒకటి కాదు. చెట్టు వలయాల వెంబడి ఎక్కువ, నడిమి నుంచి బెరడు వైపుకు అందులో సుమారు సగం. కదలవలసిన పలకను కదలనివ్వకుండా బిగిస్తే చీలక ఏం చేస్తుంది చెప్పండి? చట్రంలో మర పట్టే రంధ్రం గుండ్రంగా కాక కాస్త పొడుగ్గా తొలిస్తే చాలు, బల్ల తనంతట తాను సర్దుకుంటుంది.

తరువాత మావారి స్నేహితుల ఇంట పాత ఇంగ్లీషు వడ్రంగం పత్రికల కట్ట దొరికింది. అందులో ఈ సంగతే బొమ్మతో సహా ఉంది! నేను పదో తరగతి చదివినదాన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. వాడు బొమ్మలూ కొలతలూ చూసుకున్నాడు. అంకెలకు భాషతో పనేముంది?

ఇటువంటి పత్రికలు ఇప్పటివి కావు. ఇంగ్లండులో "ది వుడ్‌వర్కర్" 1901లోనే మొదలైంది. అమెరికాలో "ఫైన్ వుడ్‌వర్కింగ్" 1975లో వచ్చింది. మన వారపత్రికల్లో వంటలు, కుట్లు, అల్లికలకు దొరికిన చోటు వడ్రంగానికి దొరకలేదు. మన మేస్త్రుల విద్య చేతి నుంచి చేతికి వచ్చినదే.

అయితే వీడియోలు పనికిరావా? అలా అనను. ఉలి సానపట్టేటప్పుడు చెయ్యి ఎలా వాలాలి, చిత్రిక పడుతుంటే ఒళ్ళు ఎలా కదలాలి అన్నవి కాగితం చూపలేదు. అక్కడ వీడియోదే పైచెయ్యి. చెక్క ఉబ్బడం, తగ్గడం గురించిన వీడియోలూ ఉన్నాయి. కాని వెతకాలని తెలిస్తే కదా వెతికేది! ఫోనులో మనం అడిగినది దొరుకుతుంది. పత్రిక తిరగేస్తుంటే అడగాలని తోచనిది కూడా కంటబడుతుంది. పైగా కొలతల పట్టిక, చెక్కల లెక్క బల్లమీద పరుచుకుని పని చేసుకోవచ్చు. పొట్టు చేతులతో ఫోను తడమక్కర్లేదు.

రెండింటికీ అందనిదీ ఒకటుంది. పరదేశం వాళ్ళు ఓక్, పైన్ చెక్కల సంగతి చెబుతారు. మనకు దొరికేవి టేకు, వేప, మద్ది. పైగా అడవి అంచున ఉన్నవాళ్ళం. టేకు చవగ్గా వస్తోందని రసీదు, పర్మిటు లేకుండా కొంటే కేసు మెడకు చుట్టుకుంటుంది. ఈ మాట చెప్పేది ఊళ్ళో మేస్త్రే.

కాబట్టి నా సలహా ఇది. ఏడాది చందా ముందే కట్టకండి. మొదట ఒకటి రెండు పాత సంచికలు చూడండి. కొలతలతో పూర్తి నమూనా, ఎందుకు అలా చెయ్యాలో కారణం ఉంటే కొనండి. వట్టి ప్రకటనలూ రంగుల బొమ్మలూ అయితే వద్దు. నలుగురు కలిసి కొని పంచుకున్నా సరే. పాత సంచికలు డిజిటల్ రూపంలోనూ అమ్ముతున్నారు. చెయ్యి తిప్పడానికి వీడియో, లెక్కకు పత్రిక, మన చెక్కకు మేస్త్రి. ముగ్గురూ గురువులే.

మావాడు బల్ల మళ్ళీ చేశాడు. ఈసారి పలకలు బాగా ఆరనిచ్చి, రంధ్రాలు పొడుగ్గా తొలిచాడు. రెండు వేసవులు గడిచాయి, పగుల్లేదు. ఆ ఇంటివారే మంచం కూడా చెయ్యమన్నారు. మొన్న వాడే వచ్చి, "పెద్దమ్మా, ఇంకో పత్రిక తెప్పిస్తావా?" అని అడిగాడు. కాదనగలనా? సెలవు.