అందరికీ అందే అంతర్జాలం

ఒకప్పుడు ధ్రువపత్రం కావలసిన పల్లెవాసి కంచికచర్ల వంటి మండల కేంద్రానికి స్వయంగా వెళ్లవలసి వచ్చేది. 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చి ఆ శ్రమను తగ్గించాయి. 2025 జనవరిలో ప్రారంభమైన ‘మన మిత్ర’ ప్రభుత్వసేవలను చేతిలోని ఫోనుకే చేర్చింది. అయితే ఈ సౌకర్యం దివ్యాంగులకు కూడా సమానంగా అందాలి కదా! 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వారి సంఖ్య సుమారు 2.68 కోట్లు.

చూపులేనివారు కంప్యూటరును చెవితో చదువుతారు. స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ తెరపైని అక్షరాలను పలికి వినిపిస్తుంది. ఒక అంధ విద్యార్థి ఉపకారవేతనానికి దరఖాస్తు నింపుతున్నాడనుకొందాం. చివరి పుటలో వంకరటింకర అక్షరాల బొమ్మను చూసి టైపు చేయమంటే అతడు అక్కడే ఆగిపోతాడు. గడువు మాత్రం ఆగదు. అర్హత ఉండి కూడా అతడు అవకాశాన్ని కోల్పోతాడు. ఆ బొమ్మకు బదులుగా వినదగిన ప్రశ్న ఉంటే ఈ అన్యాయం జరగదు.

తెలుగుకు మరొక చిక్కు ఉండేది. యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే స్థానం లభించినా, 2000 తరువాత కూడా అనేక వెబ్‌సైట్లు సొంత ఫాంట్లనే వాడాయి. తెరపై తెలుగు కనిపించేది. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. అందువల్ల వినేవారికి అర్థంలేని ధ్వనులే మిగిలేవి.

ఇల్లు కట్టిన తరువాత గోడ పగులగొట్టి ద్వారం పెట్టడం కంటె, పునాదినాడే ద్వారానికి చోటు విడవడం వివేకం. కనుక టెండరు పత్రంలోనే ఈ నియమాలను చేర్చాలి. ప్రారంభోత్సవానికి ముందే దివ్యాంగులచేత పరీక్ష చేయించాలి. బొమ్మలకు మాటలలో వివరణ, దృశ్యాలకు కింద అక్షరరూపం, మౌసు లేకుండా కీబోర్డుతోనే పని జరిగే వీలు కల్పించాలి.

ఇది దయ కాదు, హక్కు. కేంద్రప్రభుత్వం 2009లోనే ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలను వెలువరించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందాలని నిర్దేశించింది. ప్రమాణాలు సిఫార్సులుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నియమాలు కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పు చెప్పింది. గుర్తింపు పరీక్షలో కనురెప్ప ఆర్పి చూపలేని యాసిడ్ దాడి బాధితుల మొర విని, 2025 ఏప్రిల్‌లో డిజిటల్ సేవల అందుబాటును జీవించే హక్కులో భాగంగా ప్రకటించింది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు, అధికారులు కావచ్చు. మీరు నిర్మించే ప్రతి ద్వారం ఎవరిని లోనికి రానీయదో ముందుగా యోచించండి.