పాత కారు: మరమ్మతా, మార్పా?

ఎద్దు ముసలిదైనచో నడకలోనే తెలిసిపోవును. కారు ముసలిదైన సంగతి మాత్రము మెకానిక్కు వ్రాసియిచ్చిన ఖర్చుల చీటీ చూచినపుడుగాని తెలియదు. ఆనాటినుండి ఇంటిలో రెండు పక్షములు బయలుదేరును. కొత్తది కొనుమని పిల్లలందురు. ఇన్నేండ్లు మోసిన బండిని ఎట్లు వదలుకొందుమని పెద్దలందురు.

పెద్దల నమ్మకమునకు మూలము అంబాసిడరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో, బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 1957-58 ప్రాంతమున మొదలైన దాని తయారీ 2014లో నిలిచినది. అన్నేండ్లును దాని రూపము పెద్దగా మారలేదు. కావున విడిభాగములు చిన్న ఊళ్ళలో సయితము దొరకెడివి; దాని ప్రతి మరమేకును మెకానిక్కునకు పరిచితమే. నేటి కార్లు అట్టివి కావు. నమూనాలు త్వరత్వరగా మారుచున్నవి. పెక్కు పనులు ఎలక్ట్రానిక్ పరికరముల అధీనమైనవి. కనుక మరమ్మతునకు ఒప్పుకొనుటకు ముందు, భాగములు దొరకునా యని విచారింపవలెను.

చీటీలోని మొత్తమును కారు అమ్మకపు ధరతో పోల్చి బెదరుట తగదు. పోల్చవలసినది ఏటి ఖర్చును. 60,000 రూపాయల మరమ్మతుతో బండి మూడేండ్లు నడచునేని ఏటికి 20,000 పడును. కొత్తకారు అప్పునకు నెలకు 10,000 కట్టినచో ఏటికి 1,20,000 అగును, బీమా వేఱు. మధ్యతరగతి గృహస్థునకు ఈ వ్యత్యాసము చిన్నది కాదు. ఒక బిడ్డ చదువు అందులో ఇమిడియుండవచ్చును. ఐతే సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకే చెల్లును. పిమ్మట బండిని పరీక్ష చేయించి ఐదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. 600 రూపాయలుండిన ఆ రుసుము 2022 ఏప్రిలులో 5,000 ఐనది. గడువు సమీపించిన బండికి ఈ లెక్కయు కలుపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. కారులో అరుగునవి వేఱు, తుప్పుపట్టునవి వేఱు. క్లచ్చి ప్లేటు, బ్రేకులు, బ్యాటరీ అరిగి పోవునవే, మార్చినచో సరిపోవును. పిస్టను రింగులరిగి నీలిపొగ వచ్చుచున్నను ఇంజనును విప్పి బాగుచేయవచ్చును. కాని అడుగుచట్రమును తుప్పు తినివేసినచో, అతుకువేసినంతమాత్రమున తొలినాటి బలము రాదు. సముద్రపు ఉప్పుగాలి వీచు విశాఖ, కాకినాడ వంటిచోట్ల ఈ భయమెక్కువ.

కావున డబ్బు చెల్లించుటకు ముందు బండిని పైకెత్తించి అడుగుభాగమును చూడవలెను. అది గట్టిగానున్నచో పెద్దల మాట వినవచ్చును. లేనిచో ఎంత మమకారమున్నను, అందులో కూర్చుండువారి ప్రాణములను తలచి, పిల్లల మాట వినుటయే మేలు.