టీసీలో కనిపించని శిక్ష

యమునా బ్యాంక్ వద్ద చీలి తూర్పుకు సాగే ఢిల్లీ మెట్రో నీలి మార్గపు శాఖ, ఆనంద్ విహార్ దాటగానే రాజధాని పొలిమేరను విడిచి, కౌశాంబి మీదుగా వైశాలిలో ముగుస్తుంది. లిచ్ఛవుల రాజధానిగా బౌద్ధ వాఙ్మయంలో పేరుపొందిన వైశాలి బీహారులో ఉంది. ఈ వైశాలి మాత్రం ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలో, హిండన్ నదికి ఢిల్లీ వైపున ఉన్న నివాస ప్రాంతం. 2011 జులైలో మెట్రో స్టేషన్ తెరుచుకున్నాక ఇక్కడివారి దైనందిన జీవితం ఢిల్లీతో మరింత పెనవేసుకుపోయినా, పరిపాలన మాత్రం లక్నో నుంచే సాగుతున్నది. ఈ తేడా ఇంటి పన్నుకో వాహన రిజిస్ట్రేషనుకో పరిమితం కాదు. ఉన్నత పాఠశాలలో చదివే పిల్లవాడు తప్పుచేస్తే ఏ నిబంధన ప్రకారం విచారించాలి, ఆ శిక్ష అన్యాయమనిపిస్తే ఎవరికి మొరపెట్టుకోవాలి అనే ప్రశ్నలకు కూడా ఆ రెండు స్టేషన్ల దూరంలో సమాధానాలు మారిపోతాయి.

ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలకు మొదట ఎదురయ్యే తికమక ‘హైస్కూల్’ అనే మాటతోనే మొదలవుతుంది. తెలుగు నాట ఆరు నుంచి పది తరగతులున్న బడి హైస్కూలు కాగా, ఉత్తరప్రదేశ్ బోర్డు వాడుకలో హైస్కూల్ అంటే పదో తరగతి పరీక్షే. అంతకంటె పెద్ద తేడా పదకొండు, పన్నెండు తరగతుల విషయంలో ఉంది. విజయవాడలోనో వరంగల్‌లోనో జూనియర్ కాలేజీ విద్యార్థిగా లెక్కకు వచ్చే పదిహేడేళ్ల కుర్రవాడు, ఇక్కడి సీబీఎస్‌ఈ పాఠశాలలో ఇంకా బడిపిల్లవాడే; యూనిఫాం, ఉదయపు ప్రార్థన, డైరీ, క్లాస్ టీచర్ సంతకం అన్నీ అతనికీ వర్తిస్తాయి.

డైరీ అనేది పాఠశాల ఏటా ముద్రించి ఇచ్చే చిన్న పుస్తకం. హోంవర్కు రాసుకునే పేజీలకు ముందు అందులో నియమావళి ఉంటుంది: సమయానికి రావడం, వేషధారణ, భాష, ఆస్తినష్టం, పరీక్షల్లో చూచిరాత, తోటివారిని వేధించడం, సెల్‌ఫోన్ వంటి అంశాలపై బడి ఏం ఆశిస్తున్నదో అందులో రాసి, చివర తల్లిదండ్రుల సంతకానికి చోటు విడిచిపెడతారు. చాలా ఇళ్లలో ఆ సంతకం చదవకుండానే పడుతుంది. చదివినవారికి ఒక సంగతి తెలుస్తుంది: చేయకూడని పనుల పట్టిక ఎంతో వివరంగా ఉంటుంది గాని, తప్పు జరిగినట్లు ఎవరు, ఎలా నిర్ధారిస్తారో చెప్పే వాక్యాలు తరచుగా ఒకటి రెండుకు మించవు.

శిక్షల మెట్లకు కొంత స్పష్టత కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అంటే సీబీఎస్‌ఈ, 2015 మార్చిలో వేధింపులు, ర్యాగింగు నివారణ కోసం జారీచేసిన సర్క్యులర్‌లో లభిస్తుంది. ప్రతి అనుబంధ పాఠశాలలోనూ ఉపప్రధానోపాధ్యాయుడు, సీనియర్ ఉపాధ్యాయుడు, వైద్యుడు, కౌన్సిలర్, తల్లిదండ్రుల ప్రతినిధి తదితరులతో ఒక కమిటీ ఉండాలని అది సూచించింది. కౌన్సిలర్ అంటే ఇక్కడ పిల్లల మనఃస్థితిని తెలుసుకొని సలహా చెప్పే నిపుణుడే తప్ప పురపాలక సభ్యుడు కాదు. నోటిమాటగా లేదా రాతపూర్వకంగా హెచ్చరించడం, కొన్ని రోజులపాటు తరగతికి రానీయకుండా సస్పెండ్ చేయడం, జరిమానా వేయడం, ఫలితాలను నిలిపివేయడం లేదా రద్దుచేయడం వంటి చర్యలను పేర్కొంటూ, బడినుంచి తొలగించడాన్ని అత్యంత అరుదైన సందర్భాలకే పరిమితం చేయాలని ఆ సర్క్యులర్ చెప్పింది.

తొలగింపుకు వాడుకలో రెండు పేర్లున్నాయి. ఎక్స్‌పల్షన్ అంటే ఆ బడితో సంబంధం తెగిపోవడం. మరో బడి తలుపు దానితో మూసుకుపోనక్కరలేదు. రస్టికేషన్ అంటే ఒక నిర్ణీత కాలంపాటు చదువునుంచే వెలివేయడం కాబట్టి ఆ గడువు తీరేదాకా మరో గుర్తింపు పొందిన బడి కూడా చేర్చుకోదు. పల్లెసీమ అనే అర్థమున్న లాటిన్ మాటనుంచి పుట్టిన ఈ పదం, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో తప్పుచేసిన విద్యార్థిని కొంతకాలం ఊరికి పంపేసే ఆచారంనుంచి వచ్చింది; పల్లెకు పోవడమే శిక్షగా భావించిన ఆ నాగరికత మాట, పల్లెలనుంచి చదువుకోసం నగరాలకు చేరిన మన పిల్లలకు అంటగట్టబడటం ఒక విచిత్రం.

బెత్తం కథ వేరు. తెలుగువారి వీధిబడికి శిక్షల పదసంపద తక్కువేమీ కాదు: గోడకుర్చీ, గుంజీళ్లు, తొడపాశం, మొట్టికాయ, వీటన్నిటికీ పైన పిల్లవాణ్ని దూలానికి కట్టిన తాటికి వేలాడదీసే కోదండం. రాముడి వింటి పేరు ఈ శిక్షకు ఎవరు పెట్టారో గాని, ఆ వ్యంగ్యం మాత్రం చురుకైనది. ఉత్తరాదిలో గోడకుర్చీకి దీటైన ‘ముర్గా’లో పిల్లవాడు వంగి, కాళ్ల మధ్యనుంచి చేతులు పోనిచ్చి చెవులు పట్టుకొని కోడిలా నిలబడాలి. జాతీయ బాలల హక్కుల సంరక్షణ కమిషన్ మార్గదర్శకాలు చెవులు పట్టించే ఈ భంగిమనూ, గోడకుర్చీనీ, బెంచీ ఎక్కించడాన్నీ, మోకాళ్లపై నిలబెట్టడాన్నీ భౌతిక శిక్షల కిందే లెక్కగట్టాయి. అంటే ఒంటిపై దెబ్బ పడలేదనే వాదన చెల్లదు.

చట్టం ఈ మెట్టుకు చేరడానికి కాలం పట్టింది. 1973 నాటి ఢిల్లీ పాఠశాల విద్యా నియమాలలోని 37వ నియమం, అరచేతిపై పది దెబ్బలకు మించకుండా బెత్తం వాడే అధికారాన్ని ప్రధానోపాధ్యాయునికి ఇచ్చింది. తల్లిదండ్రుల సంఘం ఒకటి దాఖలు చేసిన పిటిషన్‌పై ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరు 1న ఆ భాగాన్ని కొట్టివేస్తూ, పిల్లల గౌరవానికి అది విరుద్ధమని, రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు దాన్ని అనుమతించవని తీర్పుచెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో జీవో 16 ద్వారా తన విద్యా నియమాలను సవరించి బెత్తాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్, శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా దేశమంతటా నిషేధించింది. వైశాలి బడులకు వర్తించేది ఢిల్లీ నియమాలు కావు, ఈ కేంద్ర చట్టమే.

అయితే విద్యాహక్కు చట్టం దృష్టిలో బాలలంటే ఆరునుంచి పద్నాలుగేళ్లలోపువారు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్నీ బడినుంచి తొలగించరాదని దాని 16వ సెక్షన్ చెప్పింది. 2019 సవరణతో పిల్లలను అదే తరగతిలో నిలిపివేసే వీలు తిరిగి వచ్చినా, తొలగింపుపై నిషేధం అలాగే ఉంది. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టిన క్షణంనుంచి ఆ రక్షణ లేదు. కౌమారం ముదిరి, పరీక్షల ఒత్తిడి పెరిగి, తప్పులు ఎక్కువగా జరిగే వయసు సరిగ్గా అదే. దెబ్బల విషయంలో 2015 నాటి బాలల న్యాయచట్టం పద్దెనిమిదేళ్లదాకా కాపుకాస్తుంది; తన సంరక్షణలో ఉన్న పిల్లలపై క్రూరత్వం చూపినవారికి దాని 75వ సెక్షన్ జైలుశిక్ష విధిస్తుంది. తొలగింపు విషయంలో మాత్రం ఉన్నత తరగతుల విద్యార్థికి మిగిలేది సహజన్యాయ సూత్రమే, అంటే ఆరోపణ ఏమిటో ముందుగా తెలిపి, అతని మాట విన్న తరువాతే నిర్ణయించాలనే నియమం.

తొలగింపుకు చట్టబలమున్న ఆధారం కూడా ఉండాలని 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిన కేరళ కేసు చూపుతుంది. మతవిశ్వాసం కారణంగా జాతీయగీతం పాడకుండా, దాని గౌరవార్థం లేచి నిలబడిన ముగ్గురు పిల్లలను వారి బడి తొలగించింది. పాడి తీరాలని ఆదేశించే చట్టమేదీ లేదని, విద్యాశాఖ సర్క్యులర్‌కు చట్టబలం లేదని చెప్పి కోర్టు వారిని తిరిగి చేర్చుకోమన్నది. సహజన్యాయం విషయానికి వస్తే, అమెరికాలో 1975లో అక్కడి సుప్రీంకోర్టు గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో పది రోజులలోపు సస్పెన్షన్‌కు కూడా కారణం తెలిపి, విద్యార్థి వివరణ వినాలని నిర్దేశించింది. బడి క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి తగినట్లు ఉండాలన్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992 డిసెంబరులో అంగీకరించింది.

సెల్‌ఫోన్ వివాదంలో కోర్టు నడిమి దారి పట్టింది. బడిలో స్మార్ట్‌ఫోన్‌ను పూర్తిగా నిషేధించడం ఆచరణయోగ్యం కాదని, వాడకాన్ని మాత్రం నియంత్రించవచ్చని, నియమం తప్పితే ఫోన్‌ను స్వాధీనం చేసుకోవడం తగిన శిక్షేనని 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వైశాలి అలహాబాదు హైకోర్టు పరిధిలోనిది కనుక ఆ తీర్పు ఇక్కడ ఆదర్శమే గాని ఆజ్ఞ కాదు.

అన్నిటికంటె పెద్ద శిక్షకు మాత్రం శిక్ష అనే పేరే లేదు. తొలగించాలంటే నోటీసు, విచారణ, రాతపూర్వక ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు ఉంటే దానిపై అప్పీలు వస్తుంది. అందుకని తల్లిదండ్రులను పిలిపించి, పిల్లవాడి రికార్డు పాడవకుండా టీసీ మీరే తీసుకుంటే మంచిదని చెప్పే పద్ధతి దేశంలో చాలాచోట్ల వాడుకలో ఉంది. టీసీ అంటే బదిలీ ధ్రువపత్రం. సీబీఎస్‌ఈ నమూనాలో ‘సాధారణ నడత’ అనే గడి ఒకటి ఉంటుంది, అందులో ‘బాగుంది’ అని రాసి ఇస్తామనడమే ఈ బేరంలో బడి ఇచ్చే ప్రతిఫలం. బడి పరువూ ఇంటి పరువూ రెండూ దక్కినట్లు పైకి కనిపించే ఈ ఏర్పాటు, దండనకు ఉండవలసిన కనీస నియమాలన్నిటినీ దాటేస్తుంది. దాని బరువు తెలియాలంటే బోర్డు పరీక్షల ఏర్పాటును చూడాలి. సీబీఎస్‌ఈ విద్యార్థులను తొమ్మిదిలోనూ పదకొండులోనూ నమోదు చేసుకుంటుంది. నేరుగా పది, పన్నెండు తరగతులలో చేరడానికి తల్లిదండ్రుల బదిలీ వంటి కారణాలు చూపి బోర్డు అనుమతి పొందాలి. పైగా పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు తప్పనిసరి. కాబట్టి పన్నెండో తరగతి మధ్యలో స్వచ్ఛందంగా తీసుకున్నట్లు కాగితంపై కనిపించే టీసీ, ఆచరణలో ఒక సంవత్సరపు రస్టికేషన్‌తో సమానం కాగలదు.

బడి నాలుగు గోడల మధ్య తేల్చడానికి వీల్లేని తప్పులూ ఉన్నాయి. పిల్లలపై లైంగిక నేరం తెలిసినప్పుడు 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. దాచిన సంస్థాధిపతి స్వయంగా శిక్షార్హుడు. అటువంటి సందర్భంలో నిందితుడైన విద్యార్థికి గుట్టుగా టీసీ ఇచ్చి పంపడం క్రమశిక్షణ కాదు, నేరాన్ని కప్పిపుచ్చడం.

ఢిల్లీ బడులకు, ఉదాహరణకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే తెలుగువారి పాఠశాలలకు, ఢిల్లీ విద్యా డైరెక్టరేట్ పై అధికారి. అక్కడి నియమాల ప్రకారం శిక్షలను ప్రవర్తన రిజిస్టరులో నమోదు చేయాలి, తొలగింపుకు ముందు తల్లిదండ్రుల వివరణ కోరాలి. వైశాలివారు ఎనిమిదో తరగతి వరకు బేసిక్ శిక్షా అధికారినీ, ఆ పైన జిల్లా విద్యాలయ నిరీక్షకుణ్నీ ఆశ్రయించాలి. స్థానికులు పలికే ‘డీఐఓఎస్’ ఈ రెండో అధికారే, ఆయన కార్యాలయం గాజియాబాద్‌లో ఉంటుంది. అక్కడ ఫిర్యాదుకు ఆధారం కావలసింది బడి జారీచేసిన ఉత్తర్వు ప్రతి. టీసీ కోసం తల్లిదండ్రులే దరఖాస్తు పెట్టుకున్న సందర్భంలో ఆ ప్రతి ఉండదు. ఫైలులో మిగిలేది, ‘వ్యక్తిగత కారణాలవల్ల’ అన్న వాక్యం కింద వారు పెట్టిన సంతకమే.