వేసవి సాంకేతిక శిబిరాలు: ఫీజు కట్టేముందు కాస్త ఆలోచిద్దాం

వార్షిక పరీక్షలు ముగిసి బడులకు తాళాలు పడ్డాయంటే చాలు, కరపత్రాల జాతర మొదలవుతుంది. దినపత్రిక మడతలో ఒకటి, వీధి మలుపు గోడ మీద ఒకటి, సెల్‌ఫోన్‌లో పది. 'పది రోజుల్లో రోబో తయారీ', 'పిల్లలకు కోడింగ్', 'మీ బాబు రేపటి శాస్త్రవేత్త' అంటూ ఊరిస్తుంటాయి. ఫీజు మాత్రం వేలల్లో ఉంటుంది. పక్కింటి పిల్లవాడు చేరాడని మనవాడు మారాం చేస్తాడు. అదే సమయంలో మస్జిద్‌లో వేసవి దీనీ తరగతుల ప్రకటన వెలువడుతుంది. ఇంట్లో చూస్తే నెల జీతం నెలాఖరు దాకా రావడమే కష్టం. ఇటువంటప్పుడు తల్లిదండ్రులుగా మనం ఏం చేయాలి?

ఈ ప్రశ్న డబ్బున్న కుటుంబాలకు మాత్రమే సంబంధించినది కాదు. 'రెండు నెలలు ఖాళీగా ఎందుకు?' అని మెకానిక్ షెడ్డుకో, వెల్డింగ్ దుకాణానికో పంపిన అబ్బాయి జూన్‌లో బడికి తిరిగి రాకపోవడం మన మొహల్లాలకు కొత్త సంగతేమీ కాదు. చేతిలో నాలుగు రూపాయలు ఆడడం మొదలయ్యాక పుస్తకం బరువనిపిస్తుంది. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో. కనుక పిల్లవాడి వేసవి సెలవులు ఎలా గడుస్తాయన్నది ఒక్కోసారి వాడి జీవితాన్నే నిర్ణయిస్తుంది.

ఎక్కడ మొదలయింది?

పిల్లల కంప్యూటర్ శిబిరాలు నిన్న మొన్న పుట్టినవి కావు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1977లోనే పిల్లల కోసం వేసవి కంప్యూటర్ శిబిరం జరిగింది. ఇళ్ళల్లో కంప్యూటర్ అన్న మాటే వినపడని రోజులవి. అంతకు పదేళ్ళ ముందే, 1967లో, సేమర్ పాపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం 'లోగో' అనే కంప్యూటర్ భాషను రూపొందించారు. తెర మీద ఒక తాబేలు బొమ్మ. ముందుకు వెళ్ళు, కుడికి తిరుగు అని పిల్లవాడు ఆదేశిస్తే అది గీత గీస్తూ నడుస్తుంది. యంత్రం పిల్లవాణ్ణి ఆడించకూడదు, పిల్లవాడే యంత్రాన్ని నడిపించాలన్నది పాపర్ట్ ఆలోచన.

ఆ బాటలోనే 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థ నుంచి 'స్క్రాచ్' వచ్చింది. ఇందులో ఆదేశాలు రంగురంగుల ముక్కలుగా ఉంటాయి. వాటిని ఒకదాని కింద ఒకటి తగిలిస్తే బొమ్మ కదులుతుంది, మాట్లాడుతుంది, ఆట తయారవుతుంది. 8 నుంచి 16 ఏళ్ళ వారిని ఉద్దేశించిన ఈ ప్రోగ్రాం పూర్తిగా ఉచితం. ఒకసారి కంప్యూటర్‌లోకి దింపుకుంటే ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఎన్నో శిబిరాల్లో 'కోడింగ్' పేరిట నేర్పేది ఇదే. ఉచితంగా దొరికే దానికి వేలు ఎందుకని అడగవచ్చు. మంచి గురువు ఉంటే ఆ డబ్బు గురువు శ్రమకు చెల్లుతుంది. గురువే సరిగా లేకుంటే అది వృథా ఖర్చే.

మన వారసత్వం

ఈ విద్యలు మనవి కావని బెరుకు పడేవారు మనలో ఇంకా ఉన్నారు. దివ్యఖుర్ఆన్ అవతరణ ప్రారంభమైనదే చదవమన్న ఆజ్ఞతో. ఆ తొలి ఆయతుల్లోనే కలం ప్రస్తావన ఉంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో అక్షరజ్ఞానం ఉన్నవారు మదీనా పిల్లలు పదేసి మందికి చదువు నేర్పితే చాలు, అదే వారి విడుదలకు పరిహారమని దైవప్రవక్త (స) నిర్ణయించిన వైనం చరిత్ర గ్రంథాల్లో కనిపిస్తుంది. నిన్నటిదాకా కత్తి దూసిన వారి దగ్గర కూడా విద్య నేర్చుకోవచ్చన్నది ఇందులోని పాఠం.

ఇక చరిత్రలోకి తొంగిచూస్తే, కంప్యూటర్ విద్యలో మాటిమాటికీ వినిపించే 'అల్గారిథం' అన్న పదం తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి పుట్టినదే. 1206లో తన గ్రంథం పూర్తిచేసిన అల్ జజరీ నీటితో నడిచే గడియారాలను, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోసే యాంత్రిక బొమ్మను వర్ణించాడు.

వీరందరికన్నా మనం గుర్తుంచుకోవలసినది బనూ మూసా సోదరులను. ముహమ్మద్, అహ్మద్, హసన్ అనే ఈ ముగ్గురూ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఖలీఫా మామూన్ వారి పోషణ, చదువు బాధ్యత స్వీకరించాడు. ఆ అనాథ పిల్లలే పెరిగి పెద్దవారై తొమ్మిదో శతాబ్దంలో చిత్రవిచిత్ర యంత్రాల మీద గొప్ప గ్రంథం రచించారు. రకరకాల ఫౌంటెన్లు, తన వత్తిని తానే సరిచేసుకునే దీపం అందులో ఉన్నాయి. మామూన్ ఆ పిల్లలను ఏదో ఒక కొట్లో పనికి కుదిర్చి చేతులు దులుపుకుని ఉంటే ఏమయ్యేది? మన మొహల్లా మెకానిక్ షెడ్డులో బండి ఇంజను విప్పి బిగిస్తున్న పన్నెండేళ్ళ కుర్రవాడి వేళ్ళలో ఏ విద్య దాగి ఉందో మనకు తెలుసా? పద్నాలుగేళ్ళలోపు పిల్లలను అలా పరాయి షెడ్డులో పనికి పెట్టుకోవడం చట్టం దృష్టిలో నేరమన్నది వేరే సంగతి.

శిబిరంలో ఏం జరుగుతుంది?

మంచి శిబిరంలో పిల్లలు పాఠం వినే సమయం తక్కువ, చేతులతో పనిచేసే సమయం ఎక్కువ ఉంటుంది. సాధారణంగా మొదట చిన్న బ్యాటరీతో బల్బు వెలిగించడం నేర్పుతారు. ఎల్‌ఈడీకి రెండు కాళ్ళుంటాయి. పొడుగు కాలు బ్యాటరీ ప్లస్ వైపు తగిలితేనే వెలుగుతుంది, తిరగేస్తే వెలగదు. ఎందుకు వెలగలేదని పిల్లవాడు బుర్ర గోక్కునే ఆ క్షణంలోనే చదువు మొదలవుతుంది. తర్వాత నల్లగీత వెంట నడిచే బండి. బండి అడుగున ఉన్న పరికరం నేల మీదికి కంటికి కనపడని కిరణాలు వదులుతుంది. తెల్లనేల వాటిని తిప్పి పంపుతుంది, నల్లగీత మింగేస్తుంది. ఆ తేడాను బట్టి చక్రాలు తిరుగుతాయి. అంతకు మించి ఇందులో మాయ లేదు.

అయితే అన్ని భాగాలూ ముందే బిగించి ఉంచి, చివరి రోజున తల్లిదండ్రుల ఎదుట మీట నొక్కించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి ఫొటో తీసే శిబిరాలూ ఉన్నాయి. అటువంటి చోట పిల్లవాడు నేర్చేది మీట నొక్కడం ఒక్కటే.

చేర్చేముందు అడగవలసినవి

1. ఒక్కో గురువుకు ఎంతమంది పిల్లలు? ఒక్కో కంప్యూటర్‌కు ఎందరు? ఇద్దరికి ఒకటి ఉన్నా ఫరవాలేదు, కలిసి ఆలోచిస్తారు. ఐదారుగురికి ఒకటైతే ముగ్గురు ప్రేక్షకులే.

2. పిల్లవాడు తయారుచేసిన వస్తువు ఇంటికి ఇస్తారా? కిట్టు ధర ఫీజులో కలిసిందా, తర్వాత విడిగా అడుగుతారా?

3. బోధన ఏ భాషలో? తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు ఆంగ్ల వివరణ అర్థంకాక వెనుక బెంచీకి జారుకుంటారు. చివరికి తనకు బుర్ర లేదని తానే నిర్ణయించుకుంటారు. ఇది ఫీజు నష్టం కన్నా పెద్ద నష్టం.

4. జొహర్ నమాజ్‌కు పదిహేను నిమిషాలు, శుక్రవారం జుమాకు తగిన వ్యవధి ఇస్తారా? ముందే మర్యాదగా అడిగితే కాదనేవారు అరుదు.

5. పిల్లల ఫొటోలు, ఫోన్ నెంబర్లు ఏం చేస్తారు? 18 ఏళ్ళలోపు వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలని 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది.

మరీ పసివారిని ఇటువంటి చోట్లకు తరమవద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ వయసులో మట్టి, నీళ్ళు, నానీ చెప్పే కథలే పెద్ద శిబిరం.

ఆడపిల్లల మాటేమిటి?

అబ్బాయికి ఫీజు కట్టి, అమ్మాయిని 'వంటపని నేర్చుకో' అని కూర్చోబెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వంటపని నేర్వడం మంచిదే, అబ్బాయికి కూడా మంచిదే. కాని విద్యార్జన విషయంలో ఇస్లాం స్త్రీ పురుషుల మధ్య గోడ కట్టలేదు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పినది షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) అనే మహిళ. ఆ రోజుల్లో రాయడమే అరుదైన సాంకేతిక విద్య అనుకోవచ్చు. రాకపోకల భద్రత, వాతావరణం గురించి తల్లిదండ్రులకు దిగులు సహజం. దానికి పరిష్కారం అమ్మాయిని ఇంట్లో ఆపడం కాదు. నలుగురైదుగురు అమ్మాయిలను కలిపి పంపడం, ఉపాధ్యాయినులు ఉన్నచోటు వెతకడం, ఆడపిల్లలకు వేరే బ్యాచ్ పెట్టమని కోరడం మన చేతుల్లో ఉన్నవే.

మస్జిద్ ఆవరణలోనే ఎందుకు కాకూడదు?

వేసవిలో మన మస్జిద్‌లు, మదరసాలలో దీనీ తరగతులు ఎలాగూ జరుగుతాయి. ఫజ్ర్ తర్వాత ఖుర్ఆన్ పఠనం, దుఆలు, సీరత్ నేర్చుకునే పిల్లలకే అసర్ తర్వాత ఒక గంట ఈ పాఠాలు చెప్పవచ్చు. మొహల్లాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే సోదరులు, ఇంజనీరింగ్ చదివే అక్కచెల్లెళ్ళు లేని చోటు నేడు తక్కువ. వారిని వారానికి రెండు గంటలు అడుగుదాం. ఇళ్ళల్లో మూలనపడ్డ పాత ల్యాప్‌టాప్‌లు నాలుగు పోగుచేస్తే స్క్రాచ్‌కు సరిపోతాయి.

కంప్యూటరే లేకున్నా ఆరంభించవచ్చు. ఐదు అట్టముక్కలు తీసుకుని వాటి మీద వరుసగా 16, 8, 4, 2, 1 చుక్కలు పెట్టండి. ఐదుగురు పిల్లలను వరుసలో నిలబెట్టి తలా ఒకటి ఇవ్వండి. రమజాన్ 30 రోజులను చూపించమనండి. 16, 8, 4, 2 చూపి 1ని తిప్పి దాచేస్తే 30 వస్తుంది. చూపినది 1, దాచినది 0 అనుకుంటే అది 11110. ఇలా సున్నా నుంచి 31 దాకా ఏ అంకెనయినా చూపవచ్చు. కంప్యూటర్ లోపల అంకెలను దాచే పద్ధతి ఇదే. ఇందుకయ్యే ఖర్చు ఒక అట్టపెట్టె. ఇక బల్బు వెలిగించేందుకు మూడు వోల్టుల నాణెం బ్యాటరీ, ఒక ఎల్‌ఈడీ చాలు. అయితే ఆ బ్యాటరీని పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం. లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోవాలి.

మిగిలిన ఖర్చుకు సదఖా, చందాలు వాడవచ్చు. జకాత్ పైకం ఎవరి నిమిత్తం, ఏ మేరకు వినియోగించవచ్చో స్థానిక ఆలిములను సంప్రదించి ముందడుగు వేయాలి. పక్క వీధిలోని ముస్లిమేతర పిల్లలకు కూడా తలుపు తెరిచి ఉంచితే మరీ మంచిది. పొరుగువారి హక్కు తీర్చినవారం అవుతాం.

ప్రభుత్వ అవకాశాలు

ఫీజు లేని అవకాశాలు కూడా ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019లో 'యువిక' కార్యక్రమాన్ని ప్రారంభించింది. వేసవిలో సుమారు రెండు వారాలు అంతరిక్ష కేంద్రాల్లోనే ఉంచి నేర్పుతారు. ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే. ఎంపికలో గ్రామీణ పాఠశాలల పిల్లలకు ప్రత్యేక వెయిటేజి ఇచ్చారు. 2023లో శిక్షణ జరిగిన కేంద్రాల్లో శ్రీహరికోట, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కూడా ఉన్నాయి. ప్రకటన వేసవికి ముందే వస్తుంది. సెలవులిచ్చాక విచారిస్తే లాభం ఉండదు, చలికాలం చివర్లోనే ఇస్రో ప్రకటనల మీద కన్నేసి ఉంచాలి.

2016లో కేంద్రం చేపట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో పదివేల పాఠశాలల్లో 'టింకరింగ్ ల్యాబ్'లు ఏర్పడ్డాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇచ్చారు. మన ఊరి బడిలో అది ఉంటే, సెలవుల్లో వారానికి రెండు రోజులైనా తెరవమని నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయుణ్ణి కోరవచ్చు. తాళం వేసిన గదిలో పరికరాలకు దుమ్ము పట్టడం తప్ప ప్రయోజనమేముంది?

సంతానం దైవం మనకు అప్పగించిన అమానత్. వారికి కట్టిన ఫీజెంత అని కాక, వారి శక్తియుక్తులను ఏం చేశారని మనల్ని అడిగే రోజు ఒకటుంది. ఖరీదైన శిబిరానికి పంపే స్తోమత లేదని కుమిలిపోనక్కరలేదు. స్తోమత ఉన్నవారు తమ బిడ్డతో పాటు మొహల్లాలో తండ్రి లేని ఒక బిడ్డకు కూడా ఈ వేసవిలో ఫీజు కడితే, షెడ్డుకు వెళ్ళే ఒక అబ్బాయిని జూన్‌లో బడి గుమ్మం దాకా తీసుకువస్తే, ఆ పుణ్యం చిన్నది కాదు.

ప్రయోజనకరమైన జ్ఞానాన్ని కోరుతూ దైవప్రవక్త (స) దుఆ చేసేవారు. మన పిల్లలకు కూడా అల్లాహ్ అటువంటి జ్ఞానమే ప్రసాదించుగాక! ఆమీన్.