అమీర్‌పేట గదుల్లో గేమింగ్ ల్యాప్‌టాప్

పంజాగుట్ట కూడలి నుంచి అమీర్‌పేట మెట్రో స్టేషన్ మీదుగా మైత్రీవనం వరకు సాగే దారిలో కంప్యూటర్ కోర్సుల బోర్డులూ, ల్యాప్‌టాప్ అమ్మకం, రిపేరు దుకాణాల బోర్డులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకప్పుడు జావా, టెస్టింగ్ నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చి ఎస్.ఆర్. నగర్, బల్కంపేట హాస్టళ్లలో చేరినవారికి మామూలు కంప్యూటర్ సరిపోయేది. మెషీన్ లెర్నింగ్, త్రీడీ యానిమేషన్ నేర్చుకునేవారికి మాత్రం గ్రాఫిక్స్ ప్రాసెసర్, అంటే వేల చిన్న లెక్కలను ఏకకాలంలో చేసే చిప్, ఉన్న యంత్రం కావాలి. ఎన్విడియా సంస్థ 2007లో విడుదల చేసిన క్యూడా అనే సాఫ్ట్‌వేర్ వల్ల ఆటల కోసం పుట్టిన ఈ చిప్పులు ఇతర లెక్కలకూ పనికొచ్చాయి కనుక, గేమింగ్ ల్యాప్‌టాప్ క్రమంగా చదువుకునే పిల్లల సంచిలోకీ చేరింది.

కొనేటప్పుడు అందరూ అడిగేది గ్రాఫిక్స్ కార్డు పేరు. అడగవలసింది దానికి అందే వాట్ల సంఖ్య. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌ను తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఏ స్థాయిలోనైనా అమర్చుకోవడానికి ఎన్విడియా అనుమతించింది కాబట్టి, ఒకే పేరున్న రెండు యంత్రాల వేగంలో చాలా తేడా ఉండవచ్చు. ఈ అంకె పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండకపోవడం కొనేవారికి జరుగుతున్న అన్యాయమే.

చిప్ తీసుకున్న ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని రాగి గొట్టాలు పలుచని లోహపు రేకుల దాకా చేరవేస్తే, ఫ్యాన్లు గది గాలిని వాటి మధ్యగా ఊది బయటికి పంపుతాయి; అందువల్ల గది గాలే 40 డిగ్రీల దగ్గర ఉండే హైదరాబాద్ మే నెలలో, ఏసీ లేని హాస్టల్ గదిలో, ఆ ఏర్పాటుకు పని ఎక్కువవుతుంది. చిప్ ఉష్ణోగ్రత 100 డిగ్రీల సమీపానికి చేరితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్ని థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. ఆట మధ్యలో బొమ్మ తడబడగానే యంత్రం పాడైందని చాలామంది కంగారుపడతారు గానీ, నిజానికి అది తనను తాను కాపాడుకుంటున్నదని అర్థం.

అసలు నష్టం మెల్లగా జరుగుతుంది. చాలాకాలం తుడవని యంత్రం అడుగు మూత విప్పితే, ఫ్యానుకూ రేకులకూ మధ్య దుమ్ము, దుప్పటి నూగు, వెంట్రుకలు కలిసి పేరుకున్న బూడిదరంగు పొర కనిపిస్తుంది. చిప్‌కూ రాగి పలకకూ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్ట్ ఎండి అంచులకు జరిగి ఉంటుంది. గదిలో బల్ల లేక పరుపు మీదే పెట్టి వాడేవారి యంత్రానికి అడుగున గాలి పీల్చే రంధ్రాలు కూడా మూసుకుపోతాయి. ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించి, కింద గట్టి పలక పెట్టుకుంటే తీరే ఇబ్బందిని కంపెనీ పేరు మీదికి నెట్టడం సరికాదు.

కరెంటు సంగతి మరొకటి. ఈ తరగతి యంత్రాల అడాప్టర్లు చాలావరకు 180 నుంచి 330 వాట్లవి; అంత శక్తిని బ్యాటరీ ఒక్కటే ఇవ్వలేదు కనుక కరెంటు పోయినప్పుడు చేస్తున్న పని ఆగిపోదు గానీ వేగం పడిపోతుంది, చార్జింగ్ కూడా తొందరగా అయిపోతుంది. ఎర్తింగ్ సరిగా లేని సాకెట్లో, లేదా రెండు పిన్నుల కన్వర్టర్‌తో, చార్జర్ పెట్టినప్పుడు లోహపు మూత మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది. అడాప్టర్‌లోని ఫిల్టర్ నుంచి వచ్చే స్వల్ప కరెంటుకు భూమిలోకి పోయే దారి లేకపోవడమే అందుకు కారణం. రోజంతా ప్లగ్‌లోనే ఉంచేవారు చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే నిండు చార్జింగూ వేడీ కలిస్తే లిథియం బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది.

కొత్తది కొనే స్థోమత లేనివారు సెకండ్‌హ్యాండ్ యంత్రాలు చూస్తారు. అలాంటప్పుడు మూతను పలుమార్లు తెరిచి మూసి హింజ్ దగ్గర ప్లాస్టిక్ పగిలిందేమో గమనించాలి. చార్జర్ పెట్టి బరువైన ఆటను అరగంట నడిపించి రెండు ఫ్యాన్లూ తిరుగుతున్నాయో లేదో, వేడి ఎంతకు చేరుతున్నదో చూడాలి. విండోస్‌లోనే దొరికే బ్యాటరీ రిపోర్టులో తయారీనాటి సామర్థ్యాన్ని ఇప్పటి సామర్థ్యంతో పోల్చుకోవాలి. అసలు బిల్లు చేతికిచ్చేవారి దగ్గర, అడుగున ముద్రించిన సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కించి వారంటీ ఇంకా ఎన్ని నెలలుందో అక్కడికక్కడే తేల్చుకున్నాకే ధర మాట్లాడుకోవాలి.