కుడి లేన్ పట్టుకుని కూర్చుంటే దెబ్బ ఎవరికి తగుల్తది?

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక చిన్న గందరగోళం తీర్చేద్దాం. మీలో చాలామంది అమెరికా డ్రైవింగ్ వీడియోలు చూసే ఉంటారు. "లెఫ్ట్ లేన్‌లో నిదానంగా పోవద్దు, అది ఓవర్‌టేక్ చేసేవాళ్లది" అని అక్కడివాళ్లు ఒకటే మొత్తుకుంటారు. డల్లాస్ నుంచి సెలవులకు వచ్చిన మా బావ కూడా అదే పాట. అది విని మన దగ్గర అట్లనే నడిపితే కథ తలకిందులైతది. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఓవర్‌టేక్ లేన్ ఎడమవైపు ఉంటుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి మన ఓవర్‌టేక్ లేన్ కుడివైపు, డివైడర్‌ను ఆనుకుని ఉండేది. సో, వాళ్ల లెఫ్ట్ లేన్ గొడవ మనకు రైట్ లేన్ గొడవ.

రూల్ ఏందంటే, ఎడమ లేన్‌లో నడపాలి. ముందున్న బండిని దాటాలంటే కుడికి రావాలి, దాటాలి, మళ్లీ ఎడమకు వెళ్లిపోవాలి. మన డ్రైవింగ్ నిబంధనలు 2017లో కొత్తగా వచ్చాయి. వాటి ప్రకారం కూడా ఓవర్‌టేక్ అంటే మామూలుగా కుడివైపు నుంచే. ఎడమ నుంచి దాటడం కొన్ని సందర్భాల్లోనే కుదురుతుంది. ముందున్నాయన కుడికి తిరుగుతానని ఇండికేటర్ వేసి కుడికి జరిగాడనుకోండి, అప్పుడు పోవచ్చు. ఇంకోటి కూడా ఉంది, మనవాళ్లు చాలామందికి తెలియదు. ఎవరైనా మనల్ని దాటుతుంటే మనం స్పీడ్ పెంచకూడదు. పెంచుతామా లేదా అనేది మీరే చెప్పుకోండి.

ఇంతవరకు పుస్తకంలో ఉన్నది. ఇప్పుడు రాజీవ్ రహదారి మీదకు పోదాం.

పోయిన యాసంగి కోతలప్పుడు సిద్దిపేట వైపు నుంచి కరీంనగర్ వస్తున్నాను. సాయంత్రం ఏడు దాటింది. రేణికుంట టోల్ దాటినప్పటి నుంచి కుడి లేన్‌లోనే ఉన్నాను, స్పీడు 75. ఎడమ లేన్ అంతా ఖాళీగా లేదు, కొంచెం దూరం ఖాళీ, కొంచెం దూరం వడ్లు ఆరబోసి ఉన్నాయి. వెనక ఒక తెల్ల కారు వచ్చి డిప్పర్ కొట్టడం మొదలుపెట్టింది. నా మనసులో ఏముందో నిజంగా చెప్తున్నా: "నేను లిమిట్‌లోనే పోతున్న, వీనికి సైడ్ ఎందుకియ్యాలె?" ఇయ్యలేదు. నాలుగుసార్లు కొట్టి, అతను సర్రున ఎడమకు కోశాడు. అక్కడ వడ్ల కుప్ప, చుట్టూ రాళ్లు, పైన నల్ల పట్టా. కుప్పను తప్పించుకోవడానికి పాల క్యాన్లు కట్టుకున్న ఒక బైకాయన అప్పుడే కొంచెం కుడికి జరిగాడు. కారు అద్దం హ్యాండిల్‌కు తగిలింది. ఆయన కుప్ప మీద పడ్డాడు కాబట్టి బతికాడు. మణికట్టు విరిగింది. కారు ఆగలేదు.

నేను ఆపి 108కి ఫోన్ చేశాను. ఆస్పత్రిలో ఆయన తమ్ముడు నన్ను అడిగిన మొదటి మాట, "మీరే గుద్దిండ్రా అన్నా?" అని. కాదన్నాను. అబద్ధం కాదు. కానీ గొంతు గట్టిగా రాలేదు.

ఎందుకు రాలేదో మీకు అర్థమైంది కదా. ఆ కారాయన స్పీడు తప్పు, ఎడమ నుంచి కోయడం తప్పు, ఆగకుండా పోవడం ఇంకా పెద్ద తప్పు. అందులో డౌట్ లేదు. కానీ ఆయన్ని ఎడమకు నెట్టింది ఎవరు? ఖాళీ దొరికిన చోట నేను ఒక్క పది సెకన్లు ఎడమకు జరిగి ఉంటే ఆయన కుడి నుంచే పోయేవాడు. కుడి లేన్ పట్టుకుని కూర్చునేవాడికి దెబ్బ తగలదు. వెనకోడికి కూడా చాలాసార్లు తగలదు. ఎడమ అంచున పోయే బైకుకు, ట్రాక్టర్‌కు, బస్సు కోసం నిలబడ్డ మనిషికి తగులుతుంది.

మరి మనవాళ్లు కుడి లేన్ ఎందుకు వదలరు? పొగరు అనుకుంటాం. కొందరిది పొగరే. కానీ ఒక లారీ డ్రైవర్‌ను అడిగి చూడండి. నేను గోదావరిఖని వైపు పోయే ఒకాయన్ని దాబా దగ్గర అడిగాను. "తమ్మీ, ఎడమకు పోతే ఏముంటదో నాకు ఎర్కలేదు. కుడికి డివైడర్ ఒక్కటే ఉంటది, అది కదలదు" అన్నాడు. ఈ ఒక్క మాటలో మొత్తం ఉంది. ఎడమ లేన్‌లో ఏమేం ఉంటాయో లెక్కబెట్టండి: రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, ఆటోలు, వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, టైరు పంక్చరై ఆగిన లారీ, చెయ్యెత్తితే ఆగే బస్సు, బర్రెలు, ఊరి నుంచి నేరుగా రోడ్డెక్కే బండ్లు. ఏప్రిల్, మే నెలల్లో వడ్లు, వానాకాలం పంటప్పుడు మళ్లీ వడ్లు, మక్కలు. ఆదిలాబాద్ వైపు అయితే పత్తి సీజన్లో బండి కన్నా వెడల్పుగా ఉబ్బిన పత్తి లోడ్లు. పెద్ద లోడుతో ఉన్న డ్రైవర్‌కు ఆగడం, మళ్లీ స్పీడ్ అందుకోవడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి, అడ్డం లేని లేన్ ఎంచుకుంటాడు. ఆయన లెక్కలో అది సేఫ్టీ.

రైతును తిట్టడం కూడా తేలికే. పొలం దగ్గర కల్లం లేదు, కొనుగోలు సెంటర్లో తేమ ఎక్కువుందంటే వడ్లు తీసుకోరు, కళ్ల ముందు వేడెక్కిన తారు రోడ్డు ఉంది. ఆయన ఎక్కడ పోయాలి? రోడ్డు మీద పోయడం సరైందని నేను అనను, ముఖ్యంగా రాత్రిపూట రాళ్లు పెట్టి నల్ల పట్టా కప్పడం ప్రాణాలు తీస్తుంది. కానీ కారులో కూర్చుని ఆయన మీద వీడియో తీసి పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. కంచె ఉంటుంది, ఎక్కే దిగే చోట్లు లెక్క ప్రకారం ఉంటాయి, బైకులను రానివ్వరు, ఒక్కో వైపు నాలుగేసి లేన్లు. అందుకే అక్కడ 2023లో గరిష్ట వేగం 120కి పెంచగలిగారు. రాజీవ్ రహదారి అట్లాంటిది కాదు. శామీర్‌పేట దాటి సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండం దాకా పోయే స్టేట్ హైవే. నాలుగు లేన్ల రోడ్డు అంటే మనకు దొరికేది ఒక్కో వైపు రెండే. అందులో ఎడమది ఊరి వాళ్లది. అంటే దూరం పోయేవాళ్లందరికీ మిగిలింది ఒక్క కుడి లేన్. ఆ ఒక్క లేన్‌లో 55లో పోయే లారీ, 75లో పోయే నాలాంటోడు, 120లో వచ్చే తెల్ల కారు, ముగ్గురూ ఇరుక్కుంటారు. ప్రమాదం పుట్టేది ఈ స్పీడుల తేడాలోనే.

స్పీడు లెక్క కొంచెం చూద్దాం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది కదా. 100లో పోతుంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతాం. కంటికి కనబడి, మెదడుకు ఎక్కి, కాలు బ్రేకు మీద పడేలోపు సెకనున్నర పడుతుంది అనుకుందాం. అప్పటికే 42 మీటర్లు అయిపోయాయి. ఇంకా బ్రేకు పట్టనే లేదు. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే బ్రేకు పట్టాక ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం 97. అదే 80లో అయితే మొత్తం 68 మీటర్లలో ఆగుతుంది. ఇప్పుడు ముఖ్యమైన మాట వినండి. 80లో వచ్చిన కారు సరిగ్గా ఎక్కడ ఆగిపోయిందో, అదే చోటుకు 100లో వచ్చిన కారు చేరినప్పుడు దాని స్పీడు ఇంకా 70 పైనే ఉంటుంది. తేడా 20 అనుకుంటాం, ఆ మనిషికి తగిలేది 70.

సరే, ఆ 20 పెంచితే మిగిలేదెంత? 60 కిలోమీటర్ల దూరం 80లో 45 నిమిషాలు, 100లో 36. తొమ్మిది నిమిషాలు. అది కూడా మధ్యలో ఒక్కసారీ స్లో కాకపోతే. టోల్ దగ్గర ముందోడి ఫాస్టాగ్‌లో పైసల్లేకపోతే సగం అక్కడే పాయె. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క. అందులో 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోనే రాశారు.

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు పోదాం, ఎందుకంటే అక్కడ సమస్య ఇంకో రకం. ఎన్‌హెచ్ 44, పాతవాళ్లు ఇప్పటికీ ఏడో నంబర్ హైవే అనే అంటారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే రోడ్డు. నిర్మల్, నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్, ఆదిలాబాద్, తర్వాత పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. ఇక్కడ ఊర్లు తక్కువ, అడవి ఎక్కువ, రోడ్డు బాగుంటుంది. బాగుండటమే సమస్య. రాత్రి రెండింటికి 110 పెట్టి పాటలు వింటూ పోతుంటాం. నిర్మల్ దాటాక గుట్టల దగ్గర ఎక్కుడు వస్తుంది. లోడు లారీ అక్కడ 30కి పడిపోతుంది. 110కి, 30కి తేడా 80. అంటే సెకనుకు 22 మీటర్ల చొప్పున ఆ లారీ మన మీదకు వస్తున్నట్టే. వెనక రేడియం స్టిక్కర్ మట్టి కొట్టుకుపోయి ఉంటే కనబడేసరికే లేటు. చలికాలం పొద్దున పొగమంచు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

అక్కడే ఇంకో సీన్ చూస్తాం. 50లో ఒక లారీ, దాన్ని దాటడానికి 55లో ఇంకో లారీ. తేడా ఐదు. ముందూ వెనకా జాగా కలిపి 50 మీటర్లు దాటాలంటే 36 సెకన్లు పడుతుంది, ఈలోపు రెండూ కలిసి అర కిలోమీటరు పైన పోతాయి. జర్మనీ వాళ్లు దీన్ని ఏనుగుల పందెం అంటారట. మనకు ఆ అర కిలోమీటరు పది కిలోమీటర్లలాగ అనిపిస్తుంది, డిప్పర్ మీద డిప్పర్, హారన్ మీద హారన్. ఆ డ్రైవర్ ఎన్ని వందల కిలోమీటర్ల నుంచి తోలుకుంటూ వస్తున్నాడో మనకు తెలియదు. 36 సెకన్లు. ఒక రీల్ చూసేంత టైమ్. ఆగండి.

సైగల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇందులో కొత్తగా కారు కొన్నవాళ్లు మోసపోతారు. ముందు లారీ కుడి ఇండికేటర్ వేసింది. దాని అర్థం "నేను కుడికి వస్తున్నా" కావచ్చు, "ఎదురుగా బండి ఉంది, రాకు" కావచ్చు, కొందరు "దాటిపో" అనే అర్థంలో కూడా వేస్తారు. ఒకే లైటు, మూడు అర్థాలు. కాబట్టి ఇండికేటర్ చూసి కాదు, లారీ ముందు టైర్లు ఎటు తిరుగుతున్నాయో, ముందు రోడ్డు మీకు కనబడుతోందో లేదో చూసి పోవాలి. డిప్పర్ కూడా అంతే. కొందరికి అది "జరుగు", కొందరికి "నువ్వు పో". ఎదురుగా వచ్చేవాడు కొడితే "ముందర పోలీసులున్నరు" అని.

పోలీసులంటే గుర్తొచ్చింది, లిమిట్ ఎంత? 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకు 100, బస్సుకు 90, లారీకి, బైకుకు 80, ఆటోకు 50 గరిష్టం అన్నారు. అవి పై హద్దులు మాత్రమే. రాష్ట్రం తగ్గించవచ్చు, ఊరి దగ్గర ఇంకా తగ్గుతుంది. మీరు చూడాల్సింది రోడ్డు పక్కన బోర్డు. మన దగ్గర ఓవర్ స్పీడ్ చలాన్ అంటే ఫోన్‌లో వచ్చే అంకె అందరికీ తెలిసిందే, 1,035. వెయ్యి ఫైను, 35 యూజర్ ఛార్జీ. 2022లో, 2023 చివర్లో పెండింగ్ చలాన్లకు భారీ డిస్కౌంట్లు ఇచ్చారు కదా, అప్పటి నుంచి చాలామంది "మళ్ల ఆఫర్ వస్తది తియ్" అని కూర్చున్నారు. మ్యాప్‌లో కెమెరా గుర్తు రాగానే 80కి దిగి, దాటగానే 120 ఎక్కేవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే నలుగురున్నారు. కెమెరా ఉన్న చోట వడ్ల కుప్ప ఉండదు భాయ్, ఆ తర్వాత ఉంటది.

నేను ఇప్పుడు ఎట్లా నడుపుతున్నానో చెప్తాను. రాజీవ్ రహదారి మీద పగలు కుడి లేన్‌లోకి పోక తప్పదు, పోతాను. కానీ ఊరు దాటి ఎడమవైపు ఖాళీ కనబడగానే వచ్చేస్తాను. అద్దంలో ఎవరైనా స్పీడుగా వస్తుంటే, వాడు డిప్పర్ కొట్టకముందే వచ్చేస్తాను. ఎడమకు జరిగే ముందు ఎడమ అద్దం చూసి, ఇండికేటర్ వేసి, రెండు సెకన్లు ఆగి. ఎడమ ఖాళీగా లేకపోతే జరగను, వెనకోడు ఎంత మొత్తుకున్నా సరే, స్పీడు కూడా పెంచను. చెయ్యి బయటపెట్టి "ఆగు" అని చూపిస్తాను, చాలామంది ఆగుతారు. ముందు బండికి మూడు సెకన్ల దూరం వదులుతాను. ముందోడు దాటిన కరెంటు స్తంభం దగ్గరికి నేను వచ్చేసరికి మూడు లెక్కబెట్టగలగాలి. మధ్యలో ఎవడో ఒకడు దూరతాడు, దూరనీ. మళ్లీ లెక్కబెడతాను.

బైకు మీద పోయేవాళ్లు, మీరు అంచుకు మరీ ఆనుకుని పోతుంటారు. వడ్ల కుప్పో, ఆగిన లారీయో దూరంగా కనబడగానే వెనక్కి చూసి ముందే జరగండి. దాని దగ్గరికొచ్చాక ఒక్కసారి కోయకండి. పాలాయన కూడా నాతో అదే అన్నాడు, రెండు నెలల తర్వాత తిమ్మాపూర్ దగ్గర కలిసినప్పుడు. పట్టీ తీసేశారు, చెయ్యి ఇంకా పూర్తిగా తిరగట్లేదు, క్యాన్లు ఇప్పుడు కొడుకు ఎత్తుతున్నాడు. నేను అప్పుడు సైడ్ ఇయ్యలేదన్న సంగతి ఆ రోజు చెప్పాను. కొంచెంసేపు చూసి, "చాయ్ తాగుతవా?" అన్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో రాత్రి హై బీమ్ గురించి మాట్లాడుకుందాం.